తలుపు మీద ఇస్క్రా

వెలిచ్కా ముసలమ్మ ఆ మాట బుంగమిరపకాయలు కాలుస్తూ అంది. అపార్టుమెంట్ల బ్లాకు వెనకాల ఖాళీ స్థలంలో ఆడవాళ్ళందరూ తలా ఒక పొయ్యి పెట్టుకుని, చలికాలానికి సీసాలు నింపుకునే రోజులవి. పొగకి అందరి కళ్ళూ మండుతున్నాయి.

“నీ కూతురు డాక్టరైందని మాటమాత్రంగా కూడా చెప్పలేదేం పావ్లీనా? చెబితే మేమేమైనా ఏడుస్తామా?”

“ఎవరు, ఇస్క్రానా? అది పాల ఫ్యాక్టరీలో కదా పిన్నీ పనిచేసేది. పెరుగు పులుపు చూస్తుంది.”

“చూస్తుందిలే. నా దగ్గర కూడానా?”

ముసలమ్మ చేతులు గౌనుకి తుడుచుకుని జేబులోంచి ఫోను తీసింది. మసి వేలితోనే అటూ ఇటూ తోసి చూపించింది. ఇస్క్రాయే. తెల్లకోటు, కోటు మీద పడిన జడ, నవ్వితే కుడి బుగ్గన పడే సొట్ట, అన్నీ దానివే. మెడలో మాత్రం డాక్టర్లు గుండె చప్పుడు వినే గొట్టం ఒకటి వేలాడుతోంది. కింద పెద్ద అక్షరాలు: “గుండె నిపుణురాలు డాక్టర్ ఎలెనా చెబుతున్నారు. బీపీకి ఇక మాత్రలు అక్కర్లేదు. ఈ మూలికల చుక్కలు చాలు.”

పావ్లీనా మనసు ఏ వార్త విన్నా మెట్లన్నీ ఒక్క గంతులో దిగిపోయి అడుక్కి చేరుతుంది. కూతురు ఫోను ఎత్తకపోతే బస్సు బోల్తా పడింది. దగ్గితే ఊపిరితిత్తులు పోయాయి. ఇప్పుడు కూడా అంతే. పోలీసులు, బేడీలు, జైలు గేటు బయట సంచీతో నిలబడ్డ తను, అన్నీ వరసగా కనిపించాయి. పొయ్యిలో కాయ మాడిపోయిన సంగతి కూడా చూసుకోలేదు.

“ఇది దొంగ బొమ్మ పిన్నీ. ఆ కోటు ఫ్యాక్టరీ కోటు. కిందటి ఏడు ఫ్యాక్టరీ పండగకి పక్క సీటు పిల్ల తీసింది. మా ఇస్క్రా తన పేజీలో పెట్టుకుంది. పేరు చూడు, ఎలెనా అని ఉంది.”

“పేరు మార్చి పెట్టుకుంటారు. లేకపోతే ఊరంతా వచ్చి మీ గుమ్మం ముందు కూర్చోదూ, ఉచితంగా చూడమని? నాకా మాత్రం తెలియదా?” వెలిచ్కా కన్ను గీటింది. “నేను ఎవరితోనూ అనను. ముక్కూ మొహం తెలియని డాక్టరు చెబితే నేను మాత్రం తాగుతానా? నా చేత్తో అన్నం తిన్న పిల్ల చెబుతోందనే తాగుతున్నాను.”

“తాగుతున్నావా?”

“ప్లమ్ పళ్ళు దింపినప్పటి నుంచీ. మాత్రలు మానేశాను. తోతా కూడా తెప్పించుకుంది, పైబ్లాకు వాళ్ళు కూడా.”

తోతా అంటే పై అంతస్తు ఆవిడ. పక్క పొయ్యి దగ్గర నుంచి అవునని తలూపింది.

ఇస్క్రా సాయంత్రం బస్సు దిగి వచ్చేసరికి తల్లి మూడు రకాల భయాలు సిద్ధం చేసి పెట్టుకుంది. ఇస్క్రా చెప్పులు విప్పకుండానే అన్నీ వింది. ముప్ఫై దగ్గర పడుతున్న పిల్ల. తండ్రి పోయాక ఇంట్లో నింపాదిగా ఉండే బాధ్యత తనమీద పడింది.

“నన్నెందుకు పట్టుకెళతారమ్మా? దొంగతనం జరిగింది నాకు.”

“మొహం నీది. రేపు ఎవరికైనా ఏదైనా అయితే మొహాన్నే కదా చూపిస్తారు.”

ఇస్క్రా అప్పుడు చెప్పులు విప్పింది. కూర్చుని ఆ పేజీ మీద సైటు వాళ్ళకి ఫిర్యాదు పెట్టింది. ఫొటో తనదేనని, అనుమతి ఇవ్వలేదని, అసలు ఫొటో ఎప్పుడు పెట్టిందో చూడమని రాసింది. రెండు రోజులకి జవాబు వచ్చింది, ఆ బొమ్మ ఏ నియమాన్నీ ఉల్లంఘించలేదని. ఫొటో తీసిన స్నేహితురాలి చేత మళ్ళీ పెట్టించింది, తీసినవాళ్ళకి హక్కు ఎక్కువట. ఈసారి పేజీ మాయమైంది. పావ్లీనా మేరీమాత పటం ముందు కొవ్వొత్తి వెలిగించింది. అది కరగకముందే ఇంకో పేరుతో ఇంకో పేజీ లేచింది. అందులో ఇస్క్రా జుట్టు ఎర్రగా ఉంది, కళ్ళజోడు కూడా పెట్టారు.

“కళ్ళజోడు నాకు బానే ఉంది కదా,” అంది ఇస్క్రా.

“నవ్వకే. నవ్వకు.”

పోలీసుస్టేషనులో కుర్ర అధికారి మర్యాదగానే రాసుకున్నాడు. అమ్మేవాళ్ళు ఎక్కడో సముద్రం అవతల ఉంటారని, పట్టుకోవడం కష్టమని చెప్పి, మా అమ్మమ్మ కూడా తెప్పించుకుందండీ అన్నాడు. మొహం పట్టి చూసి, మీరేనా అని కూడా అడిగాడు.

ఇస్క్రా తన పేజీలో పెద్దగా ప్రకటన పెట్టింది. దాన్ని చూసినవాళ్ళంతా ఇస్క్రా ఈడువాళ్ళే. చుక్కలు తాగుతున్న ఆడవాళ్ళకి ఫోనులో తమ మనవల బొమ్మలూ, వంటలూ, ఆ డాక్టరమ్మా తప్ప ఇంకేమీ కనబడవు. ఇక స్వయంగా వెలిచ్కా ఇంటికి వెళ్ళింది. ముసలమ్మ కాళ్ళు ఉబ్బి ఉన్నాయి. చెప్పులు పట్టక గుడ్డ చుట్టుకుంది.

“అవ్వా, నా మాట విను. నేను డాక్టర్ని కాదు. నాకు గుండె ఎడమవైపు ఉంటుందని తప్ప ఇంకేమీ తెలియదు.”

“మీ నాన్నా ఇంతే. ఎంత చేసినా ఏమీ చేయలేదనేవాడు.”

“నీ కాళ్ళు చూసుకో. మాత్రలు మానేసినందుకే అలా వాచాయి.”

“చుక్కలు లోపలి నీరంతా కిందికి లాగుతున్నాయి. నువ్వే రాశావుగా అందులో, మొదట వాపు వస్తుందని.”

ఇస్క్రా తిరిగొచ్చి వంటింట్లో గోడకి ఆనుకుని నిలబడింది. మొదటిసారి దాని మొహంలో నవ్వు లేదు. “నేను చెబితే నమ్మదు, నా ఫొటో చెబితే నమ్ముతుంది,” అంది.

ఆ వారంలోనే వెలిచ్కా మెట్ల మీద కూలబడింది. ముక్కులోంచి రక్తం ఆగలేదు. అంబులెన్సు వచ్చి తీసుకెళ్ళి రెండో రోజుకి దింపింది. ఆసుపత్రి వాళ్ళు మళ్ళీ మాత్రలు రాసిచ్చారు. ముసలమ్మ ఆ చీటీని మడిచి పంచదార డబ్బాలో పెట్టి, ఒంట్లో చెడు రక్తం అంతా పోయింది, ఇక హాయి అంది.

పావ్లీనాకి నిద్ర కరువైంది. వీళ్ళలో ఎవరో ఒకరు పోతారు. పోయినవాళ్ళ ఇంటివాళ్ళు ఫోను తెరిచి చూస్తారు. అందులో తన కూతురు నవ్వుతూ ఉంటుంది. ఆ తర్వాత ఈ ఊళ్ళో ఇస్క్రా ఏ మొహంతో తిరుగుతుంది? తిరగడం సంగతి తర్వాత, ముందు ఆ మనిషి పోకుండా ఎలా ఆపాలి? ఈ ముసలివాళ్ళు ఎవరి మాట వింటారు, ఏం చదువుతారు?

ఆలోచిస్తూ బ్లాకు తలుపు దగ్గరికి వచ్చి, అలవాటు కొద్దీ ఆగింది. అద్దం తలుపు మీద చావు కాగితాలు. ఆ ఊళ్ళో ఎవరు పోయినా ఫొటోతో కాగితం అచ్చు వేయించి ఇంటి తలుపుకి, బస్టాపుకి, చర్చి గేటుకి, రొట్టెల కొట్టు పక్క స్తంభానికి అంటిస్తారు. నలభై రోజులకి ఒకటి, ఆరు నెలలకి ఒకటి, ఏడాదికి ఒకటి. పావ్లీనా భర్త కాగితం కూడా ఏటేటా పడుతూనే ఉంది. వార్తాపత్రిక కొనని ముసలివాళ్ళు కూడా వీటి ముందు ఆగకుండా ముందుకి పోరు. వెలిచ్కా అయితే ప్రతి ఉదయం వీటిని చూసి, ఫలానావాడు పోయాడా అనుకున్నాకే రొట్టెకి వెళుతుంది.

పావ్లీనా అక్కడి నుంచే నేరుగా స్తొయాంకా కొట్టుకి వెళ్ళింది. ఫొటోకాపీలు తీసేదీ, పెళ్ళిశుభలేఖలు వేసేదీ, చావు కాగితాలు వేసేదీ ఆవిడే. లోపల శవపేటికల నమూనాలూ, పుట్టినరోజు బెలూన్లూ ఒకే అలమరలో ఉంటాయి.

“నల్ల అంచు వద్దు స్తొయాంకా. ముందే చెబుతున్నాను. శిలువ వద్దు. మా పిల్ల నిక్షేపంగా ఉంది.”

“వద్దులే అక్కా. ఏం రాయాలో చెప్పు.”

చెప్పడం మొదలుపెట్టాక పావ్లీనాకి ఆపడం చేతకాలేదు. ఇస్క్రా డాక్టరు కాదని, ఫొటో ఎవరో దొంగిలించారని, కోటు పాల ఫ్యాక్టరీదని, చుక్కలు తాగవద్దని, మాత్రలు మానవద్దని, ఆసుపత్రికి వెళ్ళమని, ఏదైనా జరిగితే తమ బాధ్యత కాదని, దేవుడు అందరినీ చల్లగా చూడాలని. ప్రతి వాక్యం దగ్గరా ఇంకో ప్రమాదం గుర్తొచ్చింది. అంతా ఒక్క కాగితంలో పట్టాలంటే అక్షరాలు తగ్గించక తప్పలేదు. స్తొయాంకా తన అలవాటులో పైన ఫొటో పెట్టింది, దాని కింద పేరు లావుగా కొట్టింది, మిగతాదంతా చీమల బారులా కింద సర్దింది. రంగు సిరా అయిపోయిందని నలుపు తెలుపులో తీసింది.

“ఇస్క్రా పెన్చెవా అని ఇంత పెద్దగా ఎందుకు?”

“ఎవరి గురించో తెలియాలిగా అక్కా.”

నిజమే అనిపించింది. కాగితాలు పట్టుకుని బ్లాకు తలుపు దగ్గరికి వచ్చింది. చచ్చినవాళ్ళ మధ్యన బతికున్న కూతురిని పెట్టడం ఏం పని? దిష్టి తగలకుండా ఎడమ భుజం మీదుగా మూడుసార్లు ఉమ్మింది. తలుపుకి చోటు లేకపోతే నలభై రోజుల పెద్దాయన కాగితాన్ని కాస్త పక్కకి జరిపి, క్షమించు నాయనా అనుకుని, అంటించింది. బస్టాపుకి, చర్చికి, రొట్టెల కొట్టు దగ్గరకీ వెళ్ళింది. ఇంటికొచ్చి ఇస్క్రాకి ఏమీ చెప్పలేదు. అది తిడుతుందని తెలుసు.

మర్నాడు ఇస్క్రా పొద్దున్నే బస్సుకి పరిగెత్తింది. తలుపు వైపు చూసే తీరిక దానికెప్పుడూ లేదు. పావ్లీనా కాలిన మిరపకాయల తొక్కలు తీస్తూ కూర్చుంది. పొయ్యి మీద చారు మరుగుతుండగా గంట మోగింది.

వెలిచ్కా. వెనక తోతా. ఇద్దరి తలలకీ నల్ల గుడ్డలు. వెలిచ్కా చేతిలో నాలుగు తెల్ల చామంతులు. పావ్లీనా కళ్ళు ముందు పూల మీదికే పోయాయి. బతికున్నవాళ్ళకి బేసి లెక్క, పోయినవాళ్ళకి సరి లెక్క. ఆ ఊళ్ళో చంటిపిల్లకి కూడా తెలుసు.

“మా తల్లీ,” అని వెలిచ్కా ఆమెని వాటేసుకుంది. “నీకెంత కష్టం వచ్చింది.”

తన కాగితం గుర్తుకు రాలేదు. అంటించిన తనకే గుర్తుకు రాలేదు. బస్సు, మలుపు, లారీ, పొద్దున అది తాగకుండా వదిలేసిన కాఫీ, అవన్నీ గుర్తొచ్చాయి. వీళ్ళకి తెలిసింది, తనకి చెప్పడానికి వచ్చారు, అంతే. ఇన్నేళ్ళుగా ఎదురుచూసిన రోజు ఇదే కాబోలు అనుకుంది. ఏడుపు రాలేదు. తన చేతి మిరప తొక్క ఒకటి ముసలమ్మ నల్ల తలగుడ్డకి అంటుకుని ఉండడం కనిపించింది. దాన్ని తీసేసింది. తర్వాత వంటింట్లోకి నడిచి ఫోను అందుకుంది.

మోగుతోంది. మోగుతూనే ఉంది. గుమ్మం దగ్గర నుంచి ముసలమ్మల మాటలు వినిపిస్తున్నాయి.

“గుండెకి మందు చెప్పిన పిల్ల గుండెతోనే పోయి ఉంటుంది. ఆ చుక్కలు తనూ తాగే ఉంటుంది కదా.”

“నువ్వేం చేశావు పిన్నీ నీ సీసా?”

“తూములో పోశాను. కాగితం చూసిన మరుక్షణం పోశాను. పంచదార డబ్బాలో చీటీ తీసి మందుల కొట్టుకెళ్ళి మాత్ర వేసుకునే వచ్చాను ఇక్కడికి. నువ్వూ పారెయ్ తోతా.”

“పారేశాను. మా చెల్లెలికీ చెప్పాను.”

“చెప్పమ్మా,” అంది ఫోనులో ఇస్క్రా, నోట్లో ఏదో నములుతూ. “త్వరగా చెప్పు, శాంపిళ్ళు వచ్చాయి.”

పావ్లీనా పొయ్యి ఆపింది. కుర్చీ లాక్కుని కూర్చుంది.

“అమ్మా? ఏమైందమ్మా?”

“ఏం తింటున్నావు?” అంది చివరికి.

“జున్ను రొట్టె. ఎందుకు?”

“బాగా నమిలి తిను.”

అప్పుడు కన్నీళ్ళు వచ్చాయి. అప్పుడే కాగితం కూడా గుర్తొచ్చింది. గుసగుసగా, తడబడుతూ అంతా చెప్పింది. ఇస్క్రా ముందు ఏమిటీ అంది, తర్వాత నవ్వింది, తర్వాత నవ్వు ఆపి, “అయితే మాత్ర వేసుకుందా?” అని అడిగింది.

“వేసుకుంది.”

“మరి చెప్పకు కొన్నాళ్ళు. నేను మా స్నేహితురాలింట్లో ఉంటాను.”

“నోర్ముయ్,” అని పావ్లీనా ఫోను పెట్టేసి గుమ్మంలోకి వచ్చింది. కన్నబిడ్డ పోయిందని అనిపించుకుంటూ ఒక్క పూట కూడా ఆమె ఉండలేదు. “బతికే ఉంది పిన్నీ. ఇప్పుడే మాట్లాడాను. ఆ కాగితం నేనే వేశాను. కింద రాసింది చదవలేదా?”

ముసలమ్మలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

“చావు కాగితంలో కింద రాసింది ఎవరు చదువుతారే,” అంది తోతా. “అన్నింటిలోనూ అదేగా ఉండేది. మొహం చూస్తాం, పేరు చూస్తాం.”

వెలిచ్కా ఛాతీ మీద శిలువ గుర్తు వేసుకుంది, దేవుడికి దణ్ణం పెట్టింది, పావ్లీనాని తిట్టింది, మళ్ళీ వాటేసుకుంది. ఆ తర్వాత కాసేపు ఆలోచించి, “అనవసరంగా పారబోశాను అయితే,” అంది. “తాగినా ఏమీ కాలేదన్నమాట పిల్లకి. మళ్ళీ తెప్పించుకోవాలి.”

పావ్లీనా ఎప్పుడూ పెద్దవాళ్ళ మీద గొంతు లేపి ఎరగదు. ఇప్పుడూ లేపలేదు. ముసలమ్మ చేతిలోంచి ఆ నాలుగు చామంతులూ తీసుకుని బల్ల మీద పరిచింది.

“పిన్నీ, ఇవి తెచ్చి నువ్వు నా గుమ్మంలో నిలబడ్డావు. అది ఫోను ఎత్తేదాకా నా కూతురు నాకు లేదు. నువ్వు మళ్ళీ ఆ సీసా తెప్పిస్తే, రేపు ఇవే పూలు పట్టుకుని నేను నీ గుమ్మంలో నిలబడాలి. అప్పుడు ఫోను ఎత్తడానికి ఎవరుంటారు?”

వెలిచ్కా పూల వైపు చూసింది. తర్వాత గుడ్డ చుట్టిన కాళ్ళతో కుర్చీలో సర్దుకుని కూర్చుని, “ఆ ఫొటో ఇక చూడలేనులే,” అంది. “చూసినప్పుడల్లా తలుపే గుర్తొస్తుంది. మాత్రలే వేసుకుంటాను. చారు ఏమైనా ఉందా?”

చారు తాగి వాళ్ళు వెళ్ళేసరికి మధ్యాహ్నం దాటింది. పావ్లీనా ఇక ఒక్క క్షణం ఆగలేదు. తడిగుడ్డా, చాకూ పట్టుకుని ముందు బయటి మూడు చోట్లా కాగితాలు గీకేసింది. చినిగిన ముక్కల్ని కూడా వదలకుండా జేబులో వేసుకుంది, కూతురి మొహం నేలమీద పడి ఎవరైనా తొక్కుతారని. బ్లాకు తలుపు ఆఖరున మిగిలింది. అప్పటికి ఇస్క్రా సాయంత్రం బస్సు దిగి అక్కడికి వచ్చింది. తల్లి తల నిమిరి పైకి వెళ్ళింది.

పావ్లీనా పై మూల టేపు లేపుతుండగా వెనక ఎవరో ఆగారు. పైబ్లాకు వైపు మనిషి, పేరు తెలియదు, రొట్టెల కొట్టు దగ్గర చూసిన మొహం. చేతికర్ర మీద బరువు వేసి ఫొటో వంక చూసి శిలువ గుర్తు వేసుకుంది.

“ఈ అమ్మాయి డాక్టరమ్మ కదా. పోయిందా? ఇంత చిన్న వయసులో. ఏమైంది తల్లీ?”

పావ్లీనా చెప్పబోయింది. బతికే ఉంది, పైన చేతులు కడుక్కుంటోంది అని నోటి దాకా వచ్చింది.

“మీరు ఆ చుక్కలు వాడుతున్నారా?” అని అడిగింది.

“రెండు సీసాలున్నాయి ఇంట్లో. మా ఆయనకి. గుండె ఆపరేషను అయింది ఆయనకి. మాత్రలతో కడుపులో మంట అని ఇవి పోస్తున్నాను.”

“కింద రాసింది చదవండి.”

“కళ్ళజోడు తేలేదమ్మా. నువ్వు ఎవరు, బంధువులా?”

“తల్లిని.”

ఆవిడ కర్ర గోడకి ఆనించి పావ్లీనా రెండు చేతులూ పట్టుకుంది. పట్టుకున్న చేతులు వెచ్చగా, గట్టిగా ఉన్నాయి. ఈ మనిషికి నిజం చెబితే అనవసరంగా భయపడ్డాను అనుకుంటూ ఇంటికి వెళ్ళి, రాత్రి భోజనం కాగానే ఆయనకి గ్లాసులో చుక్కలు పోస్తుంది. ఈవిడ గుమ్మంలో నిలబడి నచ్చచెప్పడానికి ఇంటి నంబరు కూడా తెలియదు. చెప్పకపోతే, దేవుడు వింటాడు. తల్లే తన నోటితో బిడ్డ పోయిందని ఒప్పుకుందని ఎక్కడో రాసుకుంటాడు.

“ఇంటికెళ్ళి ఆ సీసాలు పారబొయ్యండి,” అంది. “ఇప్పుడే. ఆయన మాత్రలు ఆయనకి ఇవ్వండి. కడుపు మంట అయితే డాక్టరుకి చెప్పండి, ఆసుపత్రి డాక్టరుకి.”

“పారబోస్తాను తల్లీ. ఈ కాగితం చూశాక ఇంకా పోస్తానా?”

పైన బాల్కనీ తలుపు తెరుచుకుంది. “అమ్మా, మిగతా మిరపకాయల తొక్కలు నేను తీస్తాలే, ఇక పైకి రా,” అని ఇస్క్రా కేకేసింది. బట్టలు ఆరేసిన తాడు చాటున మనిషి కనిపించలేదు, గొంతే వినిపించింది.

ఆవిడ తలెత్తి చూసి, “ఇంకో కూతురుందా నీకు?” అని అడిగింది.

“ఉంది,” అంది పావ్లీనా.

“దేవుడు అంత మేలు చేశాడు,” అని ఆవిడ కర్ర అందుకుని మెల్లగా నడిచింది. వీధి మలుపు తిరిగేదాకా పావ్లీనా చూస్తూ నిలబడింది. తర్వాత చాకుని జేబులో వేసుకుంది. లేపిన టేపుని బొటనవేలితో అద్దానికి అదిమింది, గాలికి లేవకుండా మళ్ళీ ఇంకోసారి అదిమింది. కూతురి మొహం వైపు చూడకుండా తలుపు తోసుకుని మెట్లెక్కింది.